గదిలోకి పోయే వైరు

బేతంచెర్ల,
11 ఫిబ్రవరి 2024.

రసూలప్పా,

నువ్వు బిగించిపోయిన లైటు బ్రహ్మాండంగా పనిచేస్తోందని చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్ చేయొచ్చు గదా అంటావేమో. చేస్తే నువ్వు చెప్పేది నాకు వినపడదు, నేను అరిచేది మాత్రం వీధంతా వింటుంది. పోస్టాఫీసులో ఇన్‌లాండ్ లెటర్ అడిగితే ఆ అమ్మాయి నన్ను కిందా మీదా చూసి, బీరువా అడుగు నుంచి దుమ్ము దులిపి తీసింది. మళ్ళీ దొరుకుతాయో లేదోనని పది కొనిపెట్టుకున్నాను. నీకు ఓపిక ఉన్నా లేకపోయినా చదవక తప్పదు.

సుంకమ్మ మహానందికి వెళ్ళి పన్నెండు రోజులైంది. మా రమణికి ఇది ఎనిమిదో నెల. పురుటికి కూతుర్ని ఇక్కడికి తెచ్చుకోవాలిగానీ, ఈ యార్డులో, ఈ రాతిపొడిలో పసిబిడ్డను ఎలా పెట్టుకుంటాం? అందుకని సుంకమ్మే పోయింది. మే నెల దాకా రాదు.

నీకు దాచేదేముంది, ఈ బండల యార్డుకు కావలివాణ్ణి నేనైనా చెవులు ఆమెవి. లారీ హారన్ కొడితే ఆమె నా భుజం తట్టేది, నేను లేచి గేటు తీసేవాణ్ణి. ఓనరు జయపాల్ కర్నూలు నుంచి ఫోన్ చేస్తే ఆమె ఎత్తి, "ఆయప్ప గేటు కాడ ఉండాడు సార్, ఏమన్నా చెప్పల్లా?" అనేది. నాలుగేళ్ళు ఇట్లాగే నెట్టుకొచ్చాం. కటింగ్ మిషన్ పక్కన ఇరవై రెండేళ్ళు నిలబడి చెవులు పోగొట్టుకున్నవాణ్ణి కావలికి పెట్టుకున్నానని ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఇక్కడివాళ్ళకు కాస్త మందమని మాత్రమే తెలుసు. ఆయనకు తెలిస్తే పని పోతుంది, పనితో పాటే ఈ గదీ పోతుంది. మాకు వేరే కొంప లేదు.

ఇప్పుడు ఆ భయం తగ్గింది. ఆయన ఫోన్ వస్తే "అంతా బాగుంది సార్" అని నేనే చెప్పి పెట్టేస్తున్నాను. గేటు ముందు మనిషి కదిలితే అక్కడ లైటు వెలుగుతుంది, దాంతో పాటే నా మంచం తలవైపు నువ్వు పెట్టిన చిన్న బల్బూ వెలుగుతుంది. మొహం మీద పడేసరికి మెలకువ వచ్చేస్తుంది. మొన్న ఒక డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టకముందే నేను గేటు తీశాను. వాడు బిత్తరపోయాడు. దగ్గరికొచ్చి నా చెవిలో అరిచాడు, "ఏమప్పా, నువ్వు నిద్దరే పోవా?" అని. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను.

నిన్న జయపాల్ వచ్చి లైటు చూశాడు. దాని వైపు వేలు చూపిస్తే, ఎవరు పెట్టారని అడుగుతున్నాడని ఊహించి నీ పేరు చెప్పాను. నీ నంబరు రాసుకున్నాడు. నాలుగు పనులు నీకూ దొరికితే మంచిదే గదా. షంషాద్ వదినకు నా నమస్కారాలు.

పెద్ద ఈరన్న


వేంపల్లె,
20 ఫిబ్రవరి.

ఈరన్నా,

నీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ చేతిలో చూసి షంషాద్ గుండె పట్టుకుంది, ఎవరో పోయారని. మా ఇంటికి ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో మరి. నీ రాత ఇంకా అలాగే ఉంది, అక్షరాలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ లారీ ఎక్కుతున్నట్టు. రాత్రిబడిలో పంతులు నీ పలక నాకు చూపించి ఇట్లా రాయొద్దనేవాడు, గుర్తుందా?

మీ జయపాల్ నాకు ఫోన్ చేశాడు. మీ పక్క యార్డులో మోటారు పోయిందట గదా. అక్కడా మనలాంటి లైటే ఉందట. లైటు వెలిగిందట, దొంగ ఆ వెలుతురులోనే తీరిగ్గా నట్లన్నీ విప్పుకుని మోటారు మోసుకుపోయాడట. "వెలుగుకు భయపడేటోళ్ళు ఎవురుండారప్పా ఇప్పుడు? సౌండు కావల్ల. ఊరు లేసేట్ల మోగల్ల" అన్నాడు. ఆయనకున్న నాలుగు యార్డుల్లోనూ లైట్లకు సైరన్లు కలపాలట. ముందు మీ యార్డుతో మొదలుపెట్టమన్నాడు.

నువ్వు ఏమీ భయపడకు. సైరన్‌ను కూడా అదే వైరుకు కలుపుతాను. లైటు, సైరన్, నీ బల్బు మూడూ ఒకేసారి. నీ బల్బు వెలిగిందంటే బయట సైరన్ మోగుతోందని అర్థం. టార్చి పట్టుకుని బయటికి ఉరుకు. ఎవడికీ అనుమానం రాదు. పైగా సైరన్ మోగగానే వచ్చే కావలివాడు నువ్వొక్కడివే అవుతావు.

మా ఇంట్లో సంగతులు రాయకపోతే షంషాద్ ఒప్పుకోదు. సబీనా ఇద్దరు పిల్లల్నీ తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. అల్లుడు సమీవుల్లా పులివెందుల రోడ్డులో పెట్టిన మొబైల్ షాపు మూసేశాడు. ఇప్పుడు అతనూ ఇక్కడే. పొద్దంతా ఫోన్ చూసుకుంటూ పడుకుంటాడు. ఏమన్నా అంటే సబీనా ఏడుస్తుంది. మోటార్ల వైండింగ్ చేసే ఈ ఒక్క షాపు మీద ఆరుగురం బతుకుతున్నాం. నీకైతే ఒక్క బిడ్డే, అదీ స్థిరపడింది. అదృష్టవంతుడివి.

రసూల్


బేతంచెర్ల,
2 మార్చి.

రసూలప్పా,

నువ్వు ధైర్యం చెప్పావుగానీ, సైరన్ అనే మాట చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. వెలుగైతే దొంగకూ కనపడుతుంది, నాకూ కనపడుతుంది. మోత సంగతి అట్లా కాదు. ఊరంతటికీ తెలుస్తుంది, తెలియనిది నాకొక్కడికే. అది మోగుతుంటే నేను గోడ పక్కన బీడీ కాల్చుకుంటూ కూర్చుంటే?

వేరే ఎవరైనా బిగిస్తానంటే కాళ్ళు పట్టుకుని వద్దనేవాణ్ణి. నువ్వు కాబట్టి ఒప్పుకుంటున్నాను. బల్బు సంగతి మాత్రం మరిచిపోవద్దు. బల్బు ఉంటే సైరన్లు పది పెట్టుకోమను, నాకేం ఇబ్బంది లేదు.

రంజాన్ మొదలవకముందే రా. నేనే రొట్టెలు కొట్టి పుంటికూర పప్పు చేస్తాను. సుంకమ్మ చేసినట్టు ఉండదు, తిట్టుకుంటూ తిందువుగాని. సబీనా గురించి దిగులుపడకు. సమీవుల్లా చేతిలో పని ఉన్నవాడు, ఎక్కడో ఒకచోట కుదురుకుంటాడు. నాకు తెలిసినచోట కూడా అడుగుతాను.

ఈరన్న


బేతంచెర్ల,
19 మార్చి.

రసూలప్పా,

పది రోజుల కింద రెండు బస్సులు మారి వచ్చి సైరన్ బిగించి పోయావు. ఆ రోజు పప్పులో ఉప్పు ఎక్కువైంది. నువ్వు ఒక్క మాట కూడా తిట్టకుండా తిన్నావు. పని ఎక్కువై అలసిపోయావేమో అనుకున్నాను.

ముందు మంచి మాట. రమణికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. పిల్ల ఏడిస్తే వీధి చివరికి వినపడుతుందట. నాక్కూడా వినపడుతుందేమో చూడాలి.

ఇక రెండో మాట. నువ్వు పోయినప్పటి నుంచి నా గదిలో బల్బు వెలగలేదు. గేటు దగ్గర లైటు వెలుగుతోంది, కిటికీలోంచి చూస్తున్నాను. సైరన్ మోగుతోందట. నా బల్బు ఒక్కటే వెలగడం లేదు. మొదటి మూడు రోజులు నాకు సంగతే తెలియలేదు. హాయిగా పడుకున్నాను, ఎవరూ రాలేదనుకున్నాను. నాలుగో రోజు పొద్దున ఎదురుగా టీ కొట్టు స్వర్ణలత చీపురు చేతపట్టుకునే వచ్చింది. నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "రాత్రంతా పందులు తిరిగేది, అది మోగేది! మా ఇంట్లో పిల్లోళ్ళు నిద్దర లేక సస్తాండారు. నువ్వేందప్పా, సచ్చినోని మాదిరి పడుకోనుండావు? లేసి ఆపల్లని తెల్దా?"

ఒళ్ళు బాగాలేక మాత్ర వేసుకుని పడుకున్నానని అబద్ధం చెప్పాను. ఎన్ని రోజులు చెప్పగలను? ఆమె జయపాల్‌కు ఫోన్ చేస్తానంటోంది.

అప్పటి నుంచి రాత్రంతా కుర్చీ గేటు వైపు వేసుకుని లైటునే చూస్తూ కూర్చుంటున్నాను. వెలిగితే లేచి పందుల్ని తోలుతున్నాను. పగలు లారీల లెక్క రాసుకునేటప్పుడు కళ్ళు మూతలు పడుతున్నాయి. బల్బు పోయిందా, లేక వేరే ఏమైనా లోపమా? నువ్వు రానక్కర్లేదు, ఏం చేయాలో రాయి చాలు.

ఈరన్న


వేంపల్లె,
28 మార్చి.

ఈరన్నా,

మనవరాలు పుట్టినందుకు సంతోషం.

సైరన్ కలిపాక సెన్సర్ మీద లోడు ఎక్కువై ఉంటుంది. బల్బు మాడిపోయి ఉండొచ్చు. కొత్తది కొని వేసి చూడు. రంజాన్ నెల గదా, ఉపవాసంతో షాపు చూసుకోవడమే కష్టంగా ఉంది. ఎక్కువ రాయలేకపోతున్నాను.

రసూల్


బేతంచెర్ల,
6 ఏప్రిల్.

రసూలప్పా,

కొత్త బల్బు కొన్నాను, వెలగలేదు. ఇంకోటి కొన్నాను, అదీ వెలగలేదు. స్టేషన్ దగ్గర ఎలక్ట్రీషియన్ బొజ్జన్నను బతిమాలి తీసుకొచ్చాను. నువ్వు రాసిన లోడు మాట చెప్తే వాడు నవ్వి, చెయ్యి చాపి వేళ్ళతో చూపించాడు. "ఇట్లాంటి బల్బులు ఇరవై పెట్టినా లాగుతాది ఇది. లోడేందప్పా లోడు?" అన్నాడు.

తర్వాత నిచ్చెనెక్కి డబ్బా మూత తీసి, నన్ను కూడా పైకి రమ్మన్నాడు. నా గదిలోకి పోయే వైరు డబ్బాలోనే కత్తిరించి ఉంది. తెగిన కొనకు నల్ల టేపు చుట్టి ఉంది. ఆ టేపు చివర లోపలికి మడిచి ఉంది, రసూలప్పా. మళ్ళీ విప్పేటప్పుడు గోళ్ళతో గీక్కోకుండా నువ్వు అట్లా మడుస్తావు. మనం కలిసి పనిచేసిన ఫ్యాక్టరీలో నిన్ను ఎంత ఎగతాళి చేసేవాళ్ళమో! నాకు తెలిసి ఇంకెవరూ అట్లా మడవరు.

సైరన్ కలిపేటప్పుడు షాక్ కొట్టకుండా విప్పి పెట్టి, తర్వాత కలపడం మరిచిపోయి ఉంటావు. ఉపవాసాలు దగ్గరపడ్డాయి, ఇంట్లో చికాకులు, ఎవరికైనా జరుగుతుంది. నేనేమీ అనుకోలేదు. బొజ్జన్నను కలపమన్నాను. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "జయపాల్ సార్ పనంతా రసూల్ సాబుది. ఆయన చెప్పకుండా నేను ముట్టుకుంటే నాకు ఈ యార్డుల్లో పని పుట్టదు" అని చెవి దగ్గర అరిచాడు. నువ్వు ఒక చీటీ రాసిస్తే కలుపుతాడట. రెండు వాక్యాలు చాలు. ఈ ఉత్తరం అందిన రోజే రాసి పంపు.

నాకు ఇప్పుడు రాత్రికీ పగటికీ తేడా తెలియడం లేదు. నిన్న కుర్చీలోనే కళ్ళు తిరిగి ముందుకు పడ్డాను. నుదురు చిట్లింది. సుంకమ్మకు రాయలేదు, నువ్వూ చెప్పొద్దు. చీటీ మాత్రం పంపు.

ఈరన్న


వేంపల్లె,
16 ఏప్రిల్.

ప్రియమైన ఈరన్నకు,

పండుగ బాగా జరిగింది. ఈసారి షంషాద్ సేమ్యా పాయసంలో ఖర్జూరం ఎక్కువేసింది. నువ్వు ఉంటే రెండు గిన్నెలు తాగేవాడివని అనుకున్నాం. పిల్లలకు కొత్త బట్టలు కుట్టించాను. సబీనా మొహంలో చాలా రోజుల తర్వాత నవ్వు చూశాను. ఎండలు దంచుతున్నాయి. అరటి తోటలకు నీళ్ళు చాలక మోటార్లు కాలిపోతున్నాయి, దాంతో నాకు పని బాగానే ఉంది.

నీ గురించే ఎప్పుడూ ఆలోచిస్తున్నాను. నుదుటి దెబ్బకు ఆస్పత్రిలో చూపించుకో. ఒక మాట చెప్తాను, తప్పుగా తీసుకోవద్దు. మనకు అరవై దగ్గరపడింది. ఈ వయసులో రాత్రిళ్ళు మేలుకుని ఎవరి బండలకో కాపలా కాయడం అవసరమా? మహానందిలో కూతురు ఉంది, అల్లుడు మంచివాడు, మనవరాలు పుట్టింది. సుంకమ్మ కూడా అక్కడే ఉంది. ఆ పిల్లను ఎత్తుకుని హాయిగా కూర్చోవచ్చు గదా. జయపాల్‌కు నువ్వే మర్యాదగా చెప్పి పని మానుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. నీ గౌరవమూ నిలబడుతుంది.

చీటీ సంగతి. బొజ్జన్నలాంటివాళ్ళు చెయ్యి పెడితే ఉన్నది కూడా చెడుతుంది. నేనే వచ్చి చూస్తాను. తొందరపడవద్దు.

ఎప్పటికీ నీ మేలు కోరే,
రసూల్


బేతంచెర్ల,
5 మే.

రసూల్ సాహెబ్ గారికి,

మీరు వచ్చి చూస్తానన్నారు. మీరు రాలేదుగానీ మీ అల్లుడు వచ్చాడు. మీకు తెలియని సంగతి కాదు. అయినా ఏం జరిగిందో నా చేత్తోనే రాయాలని కూర్చున్నాను.

మొన్న శుక్రవారం, ఉదయం పదకొండు గంటలు. యార్డులో రెండు లారీలకు లోడింగ్ జరుగుతోంది. పదిమంది హమాలీలు ఉన్నారు. నేను కొళాయి దగ్గర గేటు వైపు వీపు పెట్టి బట్టలు ఉతుక్కుంటున్నాను. లుంగీ పిండి దండెం మీద వేద్దామని లేచి తిరిగాను. అందరూ పని ఆపి నా వైపే చూస్తున్నారు. కొందరు చెవులు మూసుకున్నారు. కొందరు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. స్వర్ణలత కొట్టు ముందు నిలబడి నోరు తెరిచి చూస్తోంది. గేటు దగ్గర జయపాల్, లైటు కింద నిలబడి, సెన్సర్ ముందు చెయ్యి అటూ ఇటూ ఊపుతున్నాడు. పట్టపగలు లైటు వెలుగుతోంది.

అప్పుడు తెలిసింది నాకు, సైరన్ మోగుతోందని. ఎంతసేపటి నుంచి మోగుతోందని హమాలీ చిన్న ఈరన్నను తర్వాత అడిగాను. వాడొక్కడే నవ్వలేదు. "రెండు బండలు ఎక్కించేంతసేపన్నా మోగింటాదన్నా. నీకు సైగ చేద్దామంటే సారు కండ్లతోనే బెదిరిచ్చినాడు" అని చెవిలో అరిచాడు. అంతసేపు నేను పాట కూడా పాడుకుంటున్నానట.

ఆ సెన్సర్ చీకటి పడితేనే పనిచేస్తుంది. పగలు కూడా పనిచేయాలంటే కింద ఉన్న చిన్న నాబు తిప్పాలి. ఆ సంగతి నాకు చెప్పింది మీరే. ఈసారి తిప్పింది సమీవుల్లా. పక్కనే స్టూలు మీద స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఆ పిల్లాడి పెళ్ళిలో నేను మూడు రోజులు మీ ఇంట్లోనే ఉండి నీళ్ళు మోశాను. వాడి మీద నాకు కోపం లేదు. మామ తిప్పమంటే తిప్పాడు.

జయపాల్ నా దగ్గరికొచ్చి నెమ్మదిగా ఏదో అన్నాడు. అందులో "చెవిటోడు" అన్న మాట ఒక్కటి అర్థమైంది. గది వైపు చెయ్యి చూపి సాయంత్రానికి ఖాళీ చేయమన్నాడు. చేశాను. రాత్రి స్టేషన్‌లో పడుకుని, పొద్దున మిగిలిన గిన్నెల కోసం వెళితే గదిలో సమీవుల్లా చాప పరిచి ఉంది. గిన్నెలు తనే మూటగట్టి, గేటు దాకా మోసుకొచ్చి ఇచ్చాడు. ఏదో చెప్పాలని చూశాడు. నేను ఆగలేదు.

ఇంకో వారం ఆగి ఉంటే సుంకమ్మ వచ్చేసేది. ఆమె వస్తే ఈ ఉపాయం మీకు పనిచేయదని తొందరపడ్డారేమో. నేను ఇప్పుడు మహానంది బస్సు కోసం కూర్చుని ఇది రాస్తున్నాను. బతిమాలుతూ రెండు వాక్యాల చీటీ అడిగాను. ఒక నెల రోజులు ప్రతి మధ్యాహ్నం పోస్టాఫీసుకు పోయి అడిగాను. ఆ అమ్మాయి నన్ను చూడగానే దూరం నుంచే తల అడ్డంగా ఊపేది.

పెద్ద ఈరన్న


వేంపల్లె,
17 మే.

ఈరన్నా,

నీ ఉత్తరం షాపులోనే చదివాను. ఇంటికి తీసుకుపోలేదు, షంషాద్ చూస్తుందని. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. సమీవుల్లాకు కర్నూలు వైపు పని దొరికిందని మాత్రమే చెప్పాను.

నువ్వు నన్ను గారు అని రాశావు. దానికంటే చెప్పుతో కొట్టినా బాగుండేది. అయినా వినాలి నువ్వు. ఆ రోజు నేను నిచ్చెన మీద ఉండగా జయపాల్ కారు దిగి వచ్చాడు. నువ్వు లోపల రొట్టెలు కొడుతున్నావు. "ఆ వైరు గదిలోకి ఎందుకు పోతాండాది?" అని అడిగాడు. ఫ్యానుకని చెప్పి ఉండొచ్చు. నేను తడబడటం చూసి ఆయనే పట్టేశాడు. వైరు తీసేయమన్నాడు, తీసేశాను. ఆయన ఓనరు, నేను పనివాణ్ణి. నా చేతుల్లో ఏముంది?

ఇక్కడిదాకా రాసి ఆపాను. మధ్యాహ్నం నమాజుకు పోయి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. పైన రాసింది అబద్ధం. కొట్టేయబోయాను, మళ్ళీ నువ్వే చదవాలని అట్లాగే ఉంచాను.

ఆయన వైరు సంగతి అడగలేదు, ఈరన్నా. ఆయనకు ఆ వైరు ఉన్నట్టే తెలియదు. సైరన్ ఎట్లా మోగుతుందో చూసి, బాగుందని చెప్పి కారెక్కబోతున్నాడు. నేనే నిచ్చెన దిగి ఆయన వెనక పోయాను. మా అల్లుడు ఖాళీగా ఉన్నాడు, ఎక్కడన్నా కావలి పని ఉంటే చెప్పండి సార్ అన్నాను. "అన్ని యార్డుల్లోనూ మనుషులుండారు గదప్పా" అన్నాడు. అప్పుడు చెప్పాను, ఈ యార్డులో ఉన్నవాడికి వినపడదని. ఆయన నమ్మలేదు. నాలుగేళ్ళుగా ఉన్నాడు, ఎప్పుడూ తేడా రాలేదే అన్నాడు. గదిలో బల్బు తీసేసి రెండు నెలలు చూడండి, మీకే తెలుస్తుందని చెప్పి, మళ్ళీ నిచ్చెనెక్కి నేనే కత్తిరించాను.

మా ఇంట్లో ఆ వారం ఏం జరిగిందో నీకు రాయలేదు. సబీనా పురుగుల మందు డబ్బా చేతిలో పట్టుకుంది. షంషాద్ లాక్కుంది. తండ్రిగా ఆ డబ్బా చూశాక నాకు వేరే ఏదీ కనపడలేదు. నువ్వైతే ఏం చేసేవాడివి? రమణి చేతిలో ఆ డబ్బా ఉంటే? నాకు జవాబు చెప్పు. నీకు కూతురి ఇల్లుంది, పోయి ఉంటావు, అంతకంటే నష్టం లేదని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. నువ్వే మానుకుంటే బాగుండునని ఆ పండుగ ఉత్తరం రాశాను. నువ్వు మానుకోలేదు. చీటీ అడుగుతూనే ఉన్నావు.

రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. వచ్చే నెల మహానందికి వస్తాను. నీ ఎదురుగా నిలబడి అడుగుతాను. తిట్టు, కొట్టు, సుంకమ్మతో కొట్టించు. రావద్దని మాత్రం అనకు.

రసూల్


మహానంది,
2 జూన్.

రసూలప్పా,

మీరు అని రాద్దామంటే ఈసారి చెయ్యి రాలేదు. అలవాటు పడిన చెయ్యి, దాని తప్పేముంది.

ఇక్కడ గుడి దగ్గర చెప్పుల స్టాండులో కూర్చుంటున్నాను. అల్లుడు ఉమామహేశ్ మాట్లాడి పెట్టించాడు. చెప్పులు తీసుకోవడం, టోకెన్ ఇవ్వడం. ఎవరూ ఏమీ మాట్లాడక్కర్లేదు. పొద్దున ఐదింటికి మొదలైతే రాత్రి గుడి మూసేదాకా. అల్లుడి ఇంట్లో రెండే గదులు. మేము వరండాలో పడుకుంటాం. బాలింత ఉన్న ఇల్లు, వచ్చేపోయే చుట్టాలు, వాళ్ళకు అడ్డం రాకూడదని సుంకమ్మ చీకటితోనే చాప చుట్టేస్తుంది. ఆమె ఎవరి ఇంట్లోనూ ఇట్లా ఒదిగి ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. తను పురుటికి రాకుండా ఉంటే ఇదంతా జరిగేది కాదని తనను తానే తిట్టుకుంటోంది. మనవరాలిని ఎత్తుకున్నప్పుడు కూడా అదే మాట. నిన్ను నేను క్షమించలేకపోవడానికి అదొక్కటి చాలు.

రమణి చేతిలో ఆ డబ్బా ఉంటే ఏం చేసేవాడివని అడిగావు. చాలా రోజులు ఆలోచించాను. నీ దగ్గరికి వచ్చేవాణ్ణి. రసూలప్పా, నా అల్లుడికి పని కావాలి, నువ్వు ఉన్నచోట సర్దుకుంటావా అని అడిగేవాణ్ణి. నువ్వూ నన్ను అడిగి ఉండొచ్చు. పగలు వాడు, రాత్రి నేను అని ఇద్దరం పంచుకునేవాళ్ళమేమో. లేదా నేనే గది ఖాళీ చేసి ఇచ్చేవాణ్ణేమో. ఇచ్చేవాణ్ణని ఒట్టు వేయలేను. అది తేల్చుకునే అవకాశమే నువ్వు నాకు ఇవ్వలేదు. పదిమంది ముందు నన్ను కోతిలా నిలబెట్టావు. ఆ నవ్వే మొహాలు ఇప్పటికీ నిద్రలో వస్తున్నాయి. నాకు కోపంగా ఉంది. పోయేది కాదు. సబీనా బాగుండాలి, పిల్లలు బాగుండాలి. నీ గురించి మాత్రం ఏమీ కోరుకోలేకపోతున్నాను.

వస్తానన్నావు. రావద్దు. ఎందుకో చెప్తాను.

ఫ్యాక్టరీలో ఇరవై మిషన్లు ఒక్కసారి తిరుగుతుంటే ఎవరి గొంతూ ఎవరికీ అందేది కాదు. అక్కడ మనం పెదాలు చూసే మాట్లాడుకున్నాం. నువ్వు ఆ చివర మోటారు దగ్గర, నేను ఈ చివర బ్లేడు దగ్గర. అయినా ఒక్క మాట పోయేది కాదు. అన్నేళ్ళు చూసి చూసి నీ పెదాలు నాకు అలవాటైపోయాయి. ఇప్పుడు ఈ లోకంలో నాకు పూర్తిగా అర్థమయ్యే నోళ్ళు రెండే, ఒకటి సుంకమ్మది, ఇంకొకటి నీది. మిగతావాళ్ళు చెవిలో అరిస్తే ఏదో కొంత, లేకపోతే అంతా నా ఊహే.

ఆ రోజు నువ్వు వైరు కత్తిరించి, చేతులు కడుక్కుని వచ్చి, నా ఎదురుగా కూర్చున్నావు. రొట్టె తుంచుకుంటూ నా మొహంలోకి చూసి, "అంతా కలిపినాలేప్పా. ఇంక నువ్వు నిమ్మళంగా పడుకో" అన్నావు. ఒక్క అక్షరం కూడా పోలేదు. పూర్తిగా అర్థమైంది.

నువ్వు వస్తే క్షమించమని నోటితోనే అడుగుతావు. అప్పుడు నేను ఆ పెదాల వైపే చూడాల్సి వస్తుంది.

పెద్ద ఈరన్న